ఆగస్టులో ఏథెన్స్ నుంచి వారం రోజుల తెరచాప పడవ ప్రయాణం: ఏ దీవులు, ఏ క్రమంలో?

నీలికెరటం

అందరికీ నమస్కారం. వచ్చే ఆగస్టు మొదటి వారంలో ఆరుగురు పెద్దవాళ్లం, ఎనిమిదేళ్లు, పదకొండేళ్లు వయసున్న ఇద్దరు పిల్లలతో కలిసి గ్రీసులో ఒక యాట్‌ను అద్దెకు తీసుకుని, శనివారం నుంచి మళ్లీ శనివారం దాకా దీవులు చుట్టి రావాలని అనుకుంటున్నాము. ఏథెన్స్‌లోని అలిమోస్ మరీనాలో నాలుగు కేబిన్లున్న 45 అడుగుల పడవ ఒకటి చూసి పెట్టుకున్నాము. అడ్వాన్సు ఇంకా కట్టలేదు.

మేము గీసుకున్న దారి ఇది. శనివారం సాయంత్రం అలిమోస్ నుంచి బయలుదేరి రాత్రికి కేయా చేరుకుంటాము. ఆదివారం సీరోస్, సోమవారం మికొనోస్, మంగళవారం పారోస్ చూసుకుని, బుధ, గురువారాలు శాంతొరినిలో గడిపి, శుక్రవారం తిరుగు ప్రయాణం మొదలుపెట్టి, శనివారం ఉదయం పడవ అప్పగిస్తాము. పటంలో ఈ దీవులు ఒకదాని పక్కన ఒకటి ఉన్నట్టే కనిపిస్తున్నాయి, ఫెర్రీలు కూడా వాటి మధ్య కొద్ది గంటల్లోనే తిరుగుతున్నాయి కాబట్టి ఇది పెద్ద కష్టం కాదని మా నమ్మకం.

మాలో ఒకరికి తెరచాప పడవ నడిపే సర్టిఫికెట్ ఉంది. ఆయన ఒక పెద్ద సరస్సులో నేర్చుకున్నారు, ఆ తరువాత చిన్న పడవల్లో తీరం వెంబడి కొంత తిరిగారు. మిగిలిన మాకెవరికీ అనుభవం లేదు. ఈ దారి సాధ్యమేనా, స్కిప్పర్‌ను (పడవ నడిపే నిపుణుణ్ణి) జీతానికి పెట్టుకోవడం అవసరమా, కాటమరాన్ (రెండు డొల్లల పడవ) తీసుకుంటే పిల్లలకు హాయిగా ఉంటుందా, అద్దె కాకుండా మీద పడే ఖర్చులు ఎలా ఉంటాయి అన్నవి మా సందేహాలు. తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

ఉత్తరగాలి

నీలికెరటం గారూ, నేను దారి గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే దారి మారితే మీ మిగతా ప్రశ్నలకు జవాబులు కూడా మారిపోతాయి. మీరు గీసుకున్నది ఫెర్రీలో వెళ్లేవారు గీసుకునే దారి. దాన్ని తెరచాప పడవలో వారం రోజుల్లో, అదీ ఆగస్టులో, తిరిగి రావడం జరిగే పని కాదని ముందుగానే చెప్పడం మంచిది.

మొదట దూరాలు చూడండి. అలిమోస్ నుంచి కేయా రేవుకు సుమారు 40 నాటికల్ మైళ్లు (ఒక్కొక్కటి 1.85 కిలోమీటర్లు) ఉంటుంది. అక్కడి నుంచి సీరోస్‌కు 35 పైచిలుకు, సీరోస్ నుంచి మికొనోస్‌కు, మికొనోస్ నుంచి పారోస్‌కు చెరో ఇరవై చొప్పున, పారోస్ నుంచి శాంతొరినికి 45 దాకా లెక్క వేసుకోవాలి. శాంతొరిని నుంచి అలిమోస్‌కు నేరుగా కొలిచినా 120 మైళ్లు దాటుతుంది. అన్నీ కలిపితే 290 మైళ్లకు కాస్త అటూ ఇటూ తేలుతుంది. 45 అడుగుల యాట్ సగటున 5 నుంచి 6 నాట్ల వేగంతో, అంటే గంటకు అన్ని నాటికల్ మైళ్ల చొప్పున నడుస్తుంది. మీరు చూసిన ఫెర్రీలలో నిదానమైనవి కూడా దానికి మూడు రెట్ల వేగంతో పోతాయి. ఈ లెక్కన ఒక్క శుక్రవారం ప్రయాణానికే ఇరవై గంటలు దాటిపోతుంది. చాలా చార్టర్ (పడవ అద్దె) ఒప్పందాలు చీకటి పడ్డాక ప్రయాణం చేయడాన్ని నిషేధిస్తాయి కాబట్టి, రాత్రంతా నడిపి ఆ దూరాన్ని గడిపేద్దామన్నా కుదరదు.

అసలు చిక్కు దూరం కంటే గాలిది. జూలై, ఆగస్టు నెలల్లో ఎజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి, ఈశాన్యం నుంచి మెల్తెమి అనే గాలి వీస్తుంది. బాల్కన్ ప్రాంతం మీద నిలిచే అధిక పీడనానికీ, దక్షిణాసియా రుతుపవనాల అల్పపీడనం పడమటి వైపుకు చాచిన కొసలాగా తుర్కియే మీద ఏర్పడే అల్పపీడనానికీ మధ్య తేడా పెరిగినప్పుడల్లా ఈ గాలి బలపడుతుంది. గాలి బలాన్ని కొలిచే బోఫర్ట్ స్కేలు మీద 5, 6 స్థాయిలు దానికి మామూలు. ఊపందుకుంటే 7, 8 స్థాయిలకు, అంటే 30 నాట్లకు పైబడిన గాలికి చేరి, కొన్ని రోజుల పాటు తగ్గకుండా ఉండిపోవచ్చు. కొత్తవారిని మోసగించేది ఆకాశం. గాలి ఇంత ఉద్ధృతంగా ఉన్నా నెత్తిన ఒక్క మబ్బు తునక కూడా ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది, ఒడ్డున కాఫీ తాగుతున్నవారికి అది కాస్త చల్లగాలిలాగానే తోస్తుంది.

ఇప్పుడు ఈ గాలిని మీ దారి మీద పెట్టి చూడండి. ఏథెన్స్ నుంచి మికొనోస్‌కు, శాంతొరినికి వెళ్లడమంటే ఆగ్నేయ దిశగా దిగడం కాబట్టి, గాలి పక్క నుంచో వెనక నుంచో తగులుతూ పడవను సునాయాసంగా తీసుకుపోతుంది. రెండు మూడు రోజులు అందరూ ఉత్సాహంగా ఉంటారు. తిరుగు ప్రయాణం మాత్రం వాయవ్యానికి, దాదాపుగా ఆ గాలి ముఖంలోకే చేయవలసి వస్తుంది. తెరచాప పడవ గాలికి నేరుగా ఎదురు నడవలేదు. సుమారు 45 డిగ్రీల కోణంలో ఇటొకసారి, అటొకసారి మళ్లుతూ పోవాలి కాబట్టి ప్రతి మైలూ దాదాపు ఒకటిన్నర మైలు అవుతుంది. అందులోనూ పొట్టిగా, నిటారుగా లేచే ఎజియన్ అలలు ముక్కు మీద కొడుతుంటే వేగం ఇంకా పడిపోతుంది. ఇంజిను వేసుకున్నా ఆ అలల్లో గొప్పగా ముందుకు సాగేది ఏమీ ఉండదు. మీరు చెప్పిన దీవులన్నీ ఉన్న సైక్లాడిస్ దీవుల సమూహంలో ప్రతి వేసవిలోనూ ఎక్కడో ఒక రేవులో తిరిగి రాలేక ఇరుక్కుపోయే చార్టర్ పడవలు ఉంటాయి. వాటిలో చాలావరకు సరిగ్గా ఇలాగే దిగువకు వెళ్లినవే.

శాంతొరిని విషయంలో ఇంకొక మాట. ఫొటోలలో కనిపించే ఆ నీలి గుంట ఒక అగ్నిపర్వతం కూలడంతో ఏర్పడిన కాల్డెరా, దాని లోతు దాదాపు 390 మీటర్ల దాకా ఉంటుంది. తీరాన్ని ఆనుకుని కూడా నీరు అంత నిలువుగా దిగిపోతుంది కనుక లంగరు వేసుకోవడానికి అక్కడ చోటు దొరకడం అరుదు. దక్షిణ తీరాన వ్లిహదా అనే చిన్న రేవు ఉన్నప్పటికీ, దాని ముఖద్వారం ఇసుకతో పూడుతూ ఉంటుంది, లోపలి చోటులో ఎక్కువ భాగం స్థానిక విహార పడవలదే. ఆ దీవిని చూడాలంటే పడవ అప్పగించిన తరువాత ఫెర్రీలో వెళ్లి రెండు రాత్రులు ఉండడం అన్ని విధాలా సుఖం.

ఇక క్యాలెండరు. మీరు వారం అంటున్నారు గానీ పడవ మీ చేతిలో నిజంగా ఉండేది ఆరు పగళ్లు. శనివారం సాయంత్రం 5 గంటల ప్రాంతంలో పడవ ఇస్తారు. సామాన్ల జాబితా సరిచూసుకోవడం, సరుకులు ఎక్కించడం, పడవ గురించి వాళ్లు చెప్పేది వినడం పూర్తయ్యేసరికి చీకటి పడుతుంది. శుక్రవారం సాయంత్రానికి పడవ మళ్లీ అదే మరీనాలో ఉండాలని ఒప్పందంలో రాసి ఉంటుంది, శనివారం ఉదయం 9 గంటలకల్లా దిగిపోవాలి. ఆలస్యమైతే తరువాతి అద్దెదారు వచ్చి గట్టు మీద నిలబడి ఉంటాడు కాబట్టి జరిమానా గట్టిగానే వేస్తారు. అందుకని దారిని చివరి నుంచి మొదలుపెట్టి గీసుకోవాలి. గురువారం రాత్రి ఎక్కడ ఉంటే శుక్రవారం ఎలాంటి గాలిలోనైనా సగం పూటలో మరీనా చేరగలమో ముందు నిర్ణయించుకుని, మిగిలిన రోజులను దానికి తగినట్టు అమర్చుకోండి.

నా సలహా ఏథెన్స్‌ను ఆనుకుని ఉన్న సరోనిక్ సింధుశాఖ. ఏథెన్స్ ఉన్న అట్టికా భూభాగం అడ్డు ఉండడం వల్ల అక్కడ మెల్తెమి చాలావరకు నీరసపడి వస్తుంది, రేవుకూ రేవుకూ మధ్య దూరం చాలాచోట్ల పదీ ఇరవై మైళ్లే. ఆదివారం అలిమోస్ నుంచి ఎజీనాకు సుమారు 17 మైళ్లు. మధ్యలో ఈతకు ఆగినా సాయంత్రానికి ముందే చేరుకుంటారు. క్రీస్తుపూర్వం 500 నాటి అఫాయా ఆలయం ఆ దీవి ఈశాన్య మూల కొండ మీద ఉంది. సోమవారం పాలయా ఎపిదావ్రోస్ వెళితే అక్కడి నుంచి టాక్సీలో లోపలికి పోయి, క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దపు రంగస్థలం చూడవచ్చు. పిల్లలకు అక్కడి మెట్ల మీద పైకీ కిందికీ పరుగెత్తడమే కావలసినంత వినోదం. మంగళవారం మెథానా ద్వీపకల్పాన్ని చుట్టి పోరోస్, బుధవారం హైద్రా లేదా దాని ఎదుటి తీరంలోని ఎర్మియోని, గురువారం మళ్లీ ఎజీనా వైపు వచ్చి పెర్దికా, శుక్రవారం అలిమోస్. చివరి రెండు రోజులు ఉత్తరానికే రావలసి ఉన్నప్పటికీ, అది మరుగున్న నీటిలో పొట్టి ప్రయాణం. అందరూ వెళ్లేచోటు అని కొందరు సరోనిక్‌ను చిన్నచూపు చూస్తారు. మొదటిసారి పిల్లలతో వెళ్లేవారు ఆ మాటలు పట్టించుకోనవసరం లేదు.

చుక్కాని

ఉత్తరగాలి గారు చెప్పిన దానిలో గాలి, దూరాల సంగతితో నాకు పేచీ లేదు. సైక్లాడిస్‌ను పూర్తిగా పక్కన పెట్టవలసిన పని లేదని మాత్రం అనుకుంటున్నాను. అలిమోస్‌కు బదులు అట్టికా ఆగ్నేయ కొసన ఉన్న లావ్రియో నుంచి బయలుదేరితే కేయా 15 మైళ్ల లోపే ఉంటుంది, అక్కడి నుంచి కిథ్నోస్‌కు మరొక పూట ప్రయాణం. కిథ్నోస్ పడమటి తీరంలో సన్నని ఇసుక కట్టకు రెండు వైపులా సముద్రం ఉండే కొలోనా అనే చోటు ఉంది, ఉత్తర గాలికి అక్కడ మంచి మరుగు దొరుకుతుంది. పైగా 1916 నవంబరు 21న మునిగిపోయిన బ్రిటానిక్ ఓడ కేయా తీరానికి దగ్గరలోనే అడుగున పడి ఉంది, పెద్ద పిల్లవాడికి ఆ కథ నచ్చవచ్చు. అయితే ఈ దారి జూన్‌కో సెప్టెంబరు చివరికో సరిపోతుంది. ఆగస్టులోనే వెళ్లడం తప్పదంటే స్కిప్పర్ లేకుండా దాని జోలికి పోవద్దు.

నేను రాయదలచుకున్నది కాగితాల గురించి. స్కిప్పర్ లేని అద్దెను బేర్‌బోట్ అంటారు. గ్రీసులో బేర్‌బోట్ తీసుకోవాలంటే పడవ నడిపే వ్యక్తికి గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ ఉండడంతో పాటు, ఆయనకు సాయపడగల అనుభవం ఉన్న రెండో మనిషి కూడా సిబ్బందిలో ఉండాలి. ఆ రెండో మనిషికి సర్టిఫికెట్ లేకపోతే, తనకు తగిన అనుభవం ఉందని సంతకం చేసి ఇచ్చే ప్రకటనను సాధారణంగా ఒప్పుకుంటారు. మీలో రెండో మనిషి ఎవరూ లేరని మీరే రాశారు. లేని అనుభవం ఉందని సంతకం పెట్టి, ప్రమాదం జరిగితే బీమా సంస్థ ముందు దానికి సంజాయిషీ చెప్పుకోవలసిన పరిస్థితి తెచ్చుకోకండి.

మీ మిత్రుడి సర్టిఫికెట్‌ను కూడా ఒకసారి తీసి చదవండి. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం 40వ తీర్మానం ప్రకారం ఇచ్చే అంతర్జాతీయ సర్టిఫికెట్, అందరూ ఐసీసీ అని పిలిచేది, లోతట్టు జలాలకు వేరుగా, తీర జలాలకు వేరుగా గుర్తింపు ఇస్తుంది. తెరచాప పడవకూ, మోటారు పడవకూ కూడా దానిలో విడివిడి గడులు ఉంటాయి. సరస్సులో నేర్చుకున్నవారి కార్డు మీద తీర జలాల గడి ఖాళీగా ఉంటే సముద్రంలో అది చెల్లదు. చార్టర్ సంస్థకు ఇప్పుడే దాని నకలు పంపి, చెల్లుతుందని రాతపూర్వకంగా తెప్పించుకున్న తరువాతే అడ్వాన్సు కట్టండి. మాటవరసకు చెబుతున్నాను, మీరెప్పుడైనా క్రొయేషియా వైపు మొగ్గితే అక్కడ పడవల్లో మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో వాడే సర్టిఫికెట్ కూడా విడిగా అడుగుతారు.

ఇవన్నీ చూశాక మీకు స్కిప్పర్ అవసరమనే నా అభిప్రాయం. స్కిప్పర్‌కు రోజు లెక్కన జీతం ఇవ్వాలి, తిండి మీరే పెట్టాలి, పడుకోవడానికి చోటు చూపించాలి. మీరు చూసిన పడవలో నాలుగు కేబిన్లు మీ ఎనిమిది మందికే నిండిపోతాయి కాబట్టి ఆయన హాలులోని సోఫా మీద పడుకోవలసి వస్తుంది. వారం రోజులు అలా పడుకున్న మనిషి దగ్గర ఓపిక ఆశించడం న్యాయం కాదు, మీకూ తెల్లవారుజామున వంటగదిలోకి వెళ్లే వీలుండదు. అంతకంటే ముఖ్యంగా, పడవ రిజిస్ట్రేషన్ పత్రంలో గరిష్ఠంగా ఎంతమంది ఎక్కవచ్చో రాసి ఉంటుంది, దానిలో స్కిప్పర్ కూడా లెక్కకు వస్తాడు, చంటిపిల్లలైనా లెక్కకు వస్తారు. తొమ్మిది మందికి అనుమతి ఉందో లేదో అడగండి. వీలైతే ఐదు కేబిన్ల పడవ వెతకండి.

స్కిప్పర్‌ను పెట్టుకుంటే మీ మిత్రుడు చిన్నబుచ్చుకోవచ్చు. అలా కాకుండా, చుక్కాని పట్టడం, రేవులో పడవను వెనక్కి నడిపి కట్టడం ఆయన చేత చేయించమని మొదటి రోజే స్కిప్పర్‌తో మాట్లాడుకుంటే, వారం తిరిగేసరికి ఆయన సరస్సులో ఎన్నడూ నేర్చుకోలేనిది నేర్చుకుంటారు. ఒక్క విషయంలో మాత్రం ముందే మాట అనుకోండి. ఈ రోజు బయలుదేరడమా మానడమా అన్నది స్కిప్పరే తేలుస్తాడు, దాన్ని ఓటింగుకు పెట్టకూడదు.

లంగరుతాడు

డబ్బు గురించీ, పడవలో బతుకు గురించీ నేను రాస్తాను.

అద్దె కాకుండా మొదట మీద పడేది డిపాజిట్. ఈ సైజు పడవకు కొన్ని వేల యూరోలు కార్డు మీద నిలిపి ఉంచి, పడవ తిరిగి ఇచ్చాక పరిశీలించి విడుదల చేస్తారు. తిరిగి రాని చిన్న మొత్తం కట్టి డిపాజిట్‌ను తగ్గించుకునే పథకం కూడా చాలా సంస్థల దగ్గర ఉంటుంది. అది తీసుకున్నా, చినిగిన తెరచాప, పోగొట్టుకున్న డింగీ (ఒడ్డుకు వెళ్లే చిన్న పడవ) ఇంజిను, మూసుకుపోయిన టాయిలెట్ వంటివి దానిలోకి వస్తాయో రావో చిన్న అక్షరాలు చదివి తెలుసుకోవాలి. డీజిలు నిండుగా ఇస్తారు, నిండుగానే తిరిగి ఇవ్వాలి. చివరి శుభ్రత, దుప్పట్లు, డింగీ ఇంజిను కొన్నిచోట్ల అద్దెలో కలిసి ఉంటాయి, కొన్నిచోట్ల విడిగా రాస్తారు, కాబట్టి రెండు పడవల ధరలు పోల్చేటప్పుడు ఈ వరుసలు కూడా కలిపి పోల్చండి. రేవు రుసుములు, నీళ్లు, కరెంటు, ఒడ్డున భోజనాలకు అందరూ మొదటి రోజే సమానంగా వేసుకుని ఒక ఉమ్మడి సంచి పెట్టుకుంటే వారం మధ్యలో లెక్కల తగవులు రావు.

పడవ అప్పగించే సమయంలో అందరూ సరుకులకు పరుగెత్తడం మామూలు. ఇద్దరైనా ఉండిపోయి, ఉన్న ప్రతి గీతనూ, సొట్టనూ ఫోనుతో ఫొటో తీయండి. లంగరు గొలుసును పైకి లాగే విండ్లాస్ మోటారును అక్కడే ఒకసారి నడిపించి చూడండి, దాని ఫ్యూజు ఎక్కడ ఉందో అడిగి తెలుసుకోండి. లంగరు ఇరుక్కున్నప్పుడు మోటారు ఆగిపోతే ఆ ఒక్క సమాచారమే అక్కరకు వస్తుంది. ఇంజిను వేయించి, వెనక గొట్టంలోంచి చల్లబరిచే నీళ్లు వస్తున్నాయో లేదో చూడండి. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు, పడవ అంచు కమ్మీలకు కట్టే వల బుకింగ్ సమయంలోనే అడిగి పెట్టించుకోవాలి, శనివారం సాయంత్రం అడిగితే దొరకవు. అత్యవసరంలో వీహెచ్ఎఫ్ 16వ చానెల్, ఫోనైతే 112. గ్రీకు తీర రక్షణ దళానికి 108. ఈ మూడూ కాగితం మీద రాసి రేడియో పక్కన అంటించండి.

కాటమరాన్ గురించి మీరు అడిగారు. రెండు డొల్లల పడవ కాబట్టి పక్కకు ఒరగదు, గిన్నెలు బల్ల మీద నిలుస్తాయి, పిల్లలు ముందున్న వల మీద పడుకుని నీళ్లు చూస్తూ గంటలు గడిపేస్తారు. మోనోహల్ (మామూలు ఒంటి డొల్ల పడవ) కింద రెండు మీటర్ల దాకా నీరు కావలసి వస్తే దీనికి అంతకంటే చాలా తక్కువ చాలు, ఒడ్డుకు దగ్గరగా ఆగవచ్చు. దానికి తగ్గట్టు అద్దె కూడా గణనీయంగా ఎక్కువ. గాలికి ఎదురు ప్రయాణంలో మోనోహల్ కంటే వెనకబడుతుంది. వెడల్పు ఏడు మీటర్ల పైనే ఉంటుంది కాబట్టి హైద్రా వంటి ఇరుకు రేవులో చోటు దొరకడం గగనం. డబ్బుకు ఇబ్బంది లేకపోతే, మీ పిల్లల వయసుకు, సరోనిక్ దారికి నేను కాటమరాన్‌కే ఓటు వేస్తాను.

పడవ మంచినీళ్ల ట్యాంకులో 300 నుంచి 500 లీటర్ల దాకా పడతాయి. తొమ్మిది మంది ఇంట్లోలాగా స్నానాలు చేస్తే అది రెండో రోజుకే అడుగంటుతుంది. సముద్రంలో ఈదాక వెనక మెట్ల దగ్గర ఉన్న చిన్న షవరుతో ఉప్పు కడుక్కోవడం, గిన్నెలు మొదట సముద్రపు నీటితో తోమడం అలవాటు చేసుకోండి. టాయిలెట్‌లో కాగితం కూడా వేయకూడదు, దానికి విడిగా సంచి ఉంటుంది. చక్రాల సూట్‌కేసులు తీసుకురావద్దు, మడిచి దాచుకోగల గుడ్డ సంచులైతేనే కేబిన్‌లో పడతాయి. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు బయలుదేరక ముందే, వైద్యుణ్ణి అడిగి, మాత్ర వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ప్రయోజనం తక్కువ. అలాంటివారు కేబిన్‌లోకి దిగకుండా పైనే కూర్చుని దూరంగా దిగంతాన్ని చూస్తూ ఉండాలి. చుక్కాని వారి చేతికిస్తే చాలామందికి నయమవుతుంది.

అన్నింటికంటే ఎక్కువ సాధన కావలసింది సాయంత్రం పడవను కట్టడానికి. గ్రీకు రేవుల్లో పడవ పొడవుకు మూడు నాలుగు రెట్ల దూరంలో లంగరు జారవిడిచి, గొలుసు వదులుతూ వెనక్కి నడిపి, వెనక భాగాన్ని రెండు తాళ్లతో గట్టుకు కడతారు. ఈ పనికి నలుగురు కావాలి: విండ్లాస్ దగ్గర ఒకరు, వెనక తాళ్ల దగ్గర ఇద్దరు, పక్క పడవకు తగలకుండా ఫెండరు (గాలి నింపిన మెత్త) పట్టుకుని ఒకరు. ఎవరి పని ఏమిటో రేవులోకి ప్రవేశించక ముందే పంచుకోండి. పిల్లలను ఆ పది నిమిషాలు ఒకచోట కూర్చోబెట్టండి. పడవకూ గట్టుకూ మధ్య చెయ్యిగానీ కాలుగానీ అడ్డం పెట్టి ఆపడానికి ఎవరూ ప్రయత్నించకూడదు. పది టన్నులకు పైబడిన బరువు అది. ఆగస్టులో మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకే రేవులు నిండిపోతాయి కాబట్టి ఉదయం త్వరగా కదిలి, దారిలో ఈతకు ఆగి, రెండు గంటలకల్లా చేరుకునేలా చూసుకోండి. హైద్రాలో ఇది మరీ ముఖ్యం. ఆలస్యంగా వచ్చినవారు ముందున్న పడవల గొలుసుల మీదే తమ లంగరు వేస్తారు, మరునాడు ఉదయం అందరి గొలుసులూ చిక్కుపడి ఒక గంట తమాషా నడుస్తుంది. ఎర్మియోనిలో పడవ కట్టి, అక్కడి నుంచి ప్రయాణికుల పడవలో హైద్రా వెళ్లి రావడం తెలివైన పని. హైద్రా మోటారు వాహనాలు లేని ఊరు కాబట్టి పిల్లలను నిశ్చింతగా తిరగనివ్వవచ్చు.

నీలికెరటం

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీరు రాసినవి అందరికీ చదివి వినిపించాను. శాంతొరినిని పడవ దారిలోంచి తీసేసి, చివరన ఫెర్రీలో వెళ్లడానికి రెండు రోజులు కలుపుకున్నాము. మిత్రుడి కార్డు తీసి చూస్తే తీర జలాల గడి నిజంగానే ఖాళీగా ఉంది, అందువల్ల స్కిప్పర్ విషయంలో ఇక చర్చ లేకుండా పోయింది. పడవ ఐదు కేబిన్లదే కావాలని సంస్థకు రాశాము. మాలో ఒకరు కొత్త ప్రశ్న లేవనెత్తారు: ఏథెన్సే కానవసరం లేదనుకుంటే, పడమటి వైపు అయోనియన్ దీవులు సరోనిక్ కంటే మేలు కాదా?

ఉత్తరగాలి

మేలే కావచ్చు, మీకు కావలసినదాన్ని బట్టి. లెఫ్కాదా నుంచి బయలుదేరితే మెగనీసి, ఇథాకా, కెఫలోనియా అన్నీ పది పదిహేను మైళ్ల వ్యవధిలో దొరుకుతాయి. అక్కడికి మెల్తెమి రాదు. వేసవిలో ఉదయమంతా సముద్రం దాదాపు నిశ్చలంగా ఉండి, మధ్యాహ్నం వాయవ్యం నుంచి మాయిస్త్రో అనే గాలి లేచి, 3 నుంచి 5 స్థాయిల మధ్య వీచి, సూర్యాస్తమయానికి సద్దుమణుగుతుంది. పొద్దున ఈత, మధ్యాహ్నం తెరచాప అన్న దినచర్య దానంతటదే ఏర్పడుతుంది. సరోనిక్‌లో లాగా ప్రతి మలుపులో ఒక ప్రాచీన ఆలయం ఉండదు. దానికి బదులు నీటి అంచు దాకా దిగిన పచ్చని చెట్లు, మరుగున్న ఎన్నో చిన్న అఖాతాలు ఉంటాయి. విమానాశ్రయం దగ్గరలోనే ప్రెవెజాలో ఉంది, లెఫ్కాదాకు అక్కడి నుంచి రోడ్డు మీదే చేరవచ్చు.

ఆ వైపు ఇంకొక సదుపాయం కూడా ఉంది. పది పన్నెండు పడవలు ఒక నాయక పడవ వెంట కలిసి వెళ్లే ఫ్లొటిల్లా పద్ధతి అక్కడ బాగా పాతుకుపోయింది. నాయక పడవలోని సిబ్బంది ప్రతి ఉదయం ఆ నాటి గాలి, దారి వివరిస్తారు, సాయంత్రం రేవులో ముందే నిలబడి తాళ్లు అందుకుంటారు. మీ మిత్రుడు తీర జలాల గడి నింపుకుని వచ్చాక, రెండోసారికి అది సరిగ్గా సరిపోయే పద్ధతి. ఈసారికి మాత్రం, శాంతొరిని ఫెర్రీ ఎలాగూ ఏథెన్స్ రేవు పిరియస్ నుంచి ఎక్కుతారు కాబట్టి, సరోనిక్ వదలకండి. దీవి మారితే ఆ రెండు రోజులు ప్రయాణాలకే పోతాయి.

చుక్కాని

ఒకటి మరిచిపోకుండా చెప్పాలి. శుక్రవారం మధ్యాహ్నం అలిమోస్‌కు తిరిగి వచ్చే పడవలన్నీ డీజిలు నింపించుకోవాలి, అందుకోసం పెద్ద వరుస ఏర్పడుతుంది. గురువారం రాత్రికి ఎజీనా పరిసరాల్లోనే ఉంటున్నారు కాబట్టి శుక్రవారం ఉదయం తొందరగా లంగరు తీసి, ఒంటి గంటలోపు మరీనా చేరుకునేలా మీ స్కిప్పర్‌తో ముందే మాట్లాడండి. నింపించుకున్న రసీదు జాగ్రత్తగా ఉంచుకోండి, అప్పగింత సమయంలో ట్యాంకు నిండుగా ఉందనడానికి అదే అడుగుతారు.